సైటు ఫోన్‌లో తెరుచుకుంటోంది సరే, పని అవుతోందా?

ప్రశ్న: నేను ఫర్నిచర్ రిపేర్లు చేసే చిన్న వ్యాపారం నడుపుతున్నాను. రెండేళ్ల క్రితం తెలిసినతనితో వెబ్‌సైటు చేయించుకున్నాను. కంప్యూటర్లో చూస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కస్టమర్లు "మీ సైటులో ఫోన్ నంబర్ దొరకలేదండీ", "ఫారం నింపాను కానీ పోలేదు" అన్నారు. లెక్కలు చూస్తే సైటుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ నుంచే వస్తున్నారు. ఎంక్వైరీలు మాత్రం చాలావరకు కంప్యూటర్ నుంచే. చేసినతన్ని అడిగితే "సైటు రెస్పాన్సివే, నా ఫోన్‌లో బాగానే ఉంది" అంటాడు. ఒకరేమో మొబైల్‌కి వేరే సైటు పెట్టమంటున్నారు, ఇంకొకరు యాప్ చేయిస్తే పీడా పోతుందంటున్నారు. నాకు కోడింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చదివాక సైటును కంప్యూటర్లో తెరవబోయి ఆగాను. ముందు అక్కడ చూస్తే ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఫోన్‌లో చూసినా కొత్త మనిషిలా చూడలేం. అందుకని నా పాత ఫోన్ బయటికి తీసి, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, ఒంటి చేత్తో పట్టుకుని తెరిచాను. విరిగిన కుర్చీ కాలు ఒకటి బాగుచేయించాలి, అదీ నా పని అనుకున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నొచ్చుకోకండి.

మొదట తెల్ల తెర. నాలుగైదు సెకన్లు అలాగే ఉండిపోయింది. తర్వాత మెనూ, దాని కింద కొంత రాత వచ్చాయి. 'రిపేర్లు' అన్న లింకు కనబడగానే నొక్కబోయాను. సరిగ్గా అప్పుడే పైన ఒక పెద్ద ఫొటో ఊడిపడి లింకును కిందికి తోసేసింది. నా వేలు వేరే దాని మీద పడింది, ఇంకేదో పేజీ తెరుచుకుంది. వెనక్కి వచ్చి నంబర్ కోసం వెతికాను. అడుగు దాకా వెళ్లినా లేదు. చివరికి ఆ పెద్ద ఫొటోలోనే ఓ మూల, బొమ్మలో కలిసిపోయి ఉంది. కంప్యూటర్లో కొట్టొచ్చినట్టు కనబడే ఆ అంకెలు ఫోన్‌లో చీమల బారులా ఉన్నాయి. నొక్కితే కాల్ వెళ్లదు. గుర్తుపెట్టుకుని డయల్ చేయాలి.

సరే, ఫారం చూద్దామనుకున్నాను. పేరు రాసే గడిని నొక్కగానే పేజీ అంతా ఒక్కసారిగా ముందుకు ఉబికి, సగం గడులు తెర బయటికి పోయాయి. నంబర్ గడికి వస్తే అంకెల కీబోర్డ్ బదులు అక్షరాల కీబోర్డ్ వచ్చింది. అన్నీ నింపి 'పంపు' నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ ఏమీ లేదు. ఇక వదిలేద్దామనుకుంటూ ఎందుకో పేజీని పైకి జరిపితే, ఫారం మొదట్లో ఎర్ర అక్షరాలతో ఒక ముక్క ఉంది: 'పిన్ కోడ్ తప్పనిసరి'. కంప్యూటర్లో ఆ మాట, 'పంపు' బటన్ ఒకే తెర మీద కనబడతాయి. ఫోన్‌లో బటన్ దగ్గర ఉన్నవాళ్లకి అది రెండు తెరల పైన ఉంది. అక్కడ ఏదో రాసి ఉందని ఎవరికి తెలుస్తుంది?

'ఫారం పోలేదు' అన్న మీ కస్టమర్ చెప్పింది నిజమే. అలాగని సైటు చేసినతను అబద్ధమాడాడనీ కాదు. అతను రెస్పాన్సివ్ అంటే ఏ అర్థంలో అంటున్నాడో, ఆ అర్థంలో మీ సైటు రెస్పాన్సివే.

ఈ మాట వెనక కొంచెం కథ ఉంది. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌లో ఉన్నవన్నీ దాదాపు కంప్యూటర్ల కోసం కట్టిన పేజీలే. వాటిని చూపించడానికి ఫోన్ బ్రౌజర్ ఒక చిన్న అబద్ధం ఆడేది. తన తెర 980 పిక్సెల్‌ల వెడల్పు ఉందని పేజీతో చెప్పి, వచ్చినదాన్ని కుదించి చూపేది. ఆ అబద్ధం వద్దు, అసలు వెడల్పే చెప్పు అని పేజీ తరఫున బ్రౌజర్‌కి చెప్పే వరుసే వ్యూపోర్ట్ ట్యాగ్. తర్వాత 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ఒక వ్యాసం రాసి, ఒకే పేజీ తెర వెడల్పును బట్టి తనను తాను సర్దుకునే పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. అంటే ఆ మాట హామీ ఇచ్చేది వెడల్పుకి సర్దుకోవడం వరకే. మీ సైటులో ఆ ట్యాగ్ ఉంది, నిలువు వరుసలు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా పేర్చుకుంటున్నాయి. నంబర్ నొక్కితే మోగాలని, ఫారం పోకపోతే ఎందుకు పోలేదో చెప్పాలని ఆ మాటలో ఎక్కడా లేదు. మీ తగువంతా అక్కడే ఉంది: అతను పేజీ తెరలో పట్టిందా అని చూస్తున్నాడు, మీ కస్టమర్ పని అయిందా అని చూస్తున్నాడు.

మిగతా రెండు సలహాల సంగతి తేల్చేద్దాం. మొబైల్‌కి వేరే సైటు వద్దు. ఒకప్పుడు అలా చేసేవాళ్లు. రెండు సైట్లంటే రెండు చోట్ల మార్చాలి. ఒకచోట పనివేళలు మార్చి రెండోచోట మర్చిపోతారు. యాప్ అంతకన్నా వద్దు. రిపేరు అవసరం ఏ రెండేళ్లకో ఒకసారి పడుతుంది. దానికోసం ఎవరూ యాప్ దింపుకోరు. ఉన్న సైటునే బాగుచేయించండి, మొత్తం పడగొట్టి కట్టాల్సినంత దెబ్బ దానికి తగల్లేదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గూగుల్ మీ సైటును చదివేది ఇప్పుడు ఫోన్ కళ్లతోనే. మొబైల్ ఫస్ట్ ఇండెక్సింగ్ అని 2016లో చెప్పి, 2018 నుంచి సైట్లను మారుస్తూ వచ్చి, 2023లో ఆ మార్పు పూర్తయిందని ప్రకటించారు. కంప్యూటర్లో కనిపించే పేజీలో ఎంత వివరం రాసినా, ఫోన్‌కి పంపే పేజీలోంచి దాన్ని తీసేస్తే సెర్చ్ లెక్కలోకి అది రాదు. 'ఫోన్‌లో చోటు లేదు కదా, ఈ పేరా తీసేద్దాం' అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

ఇప్పుడు మీరు అడిగిన మాట, ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ టూలుతోనో మొదలుపెట్టకండి. మీ సైటును ఎప్పుడూ చూడని మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి, మీది ఇవ్వకండి. మీ ఫోన్‌లో సైటు ఒకసారి లోడ్ అయి దాచుకుని ఉంటుంది కాబట్టి మీకెప్పుడూ వేగంగానే కనబడుతుంది. "కుర్చీ కాలు విరిగింది, ఈ సైటు చూసి రిపేరుకి మనిషిని పిలిపించు" అని పని చెప్పండి. ఆ తర్వాత నోరు విప్పకండి. ఇదే కష్టం. "అక్కడ కాదు, కింద ఉంది చూడు" అనాలని నాలుక దురద పెడుతుంది. ఆ దురద పుట్టిన ప్రతిచోటా ఒక లోపం ఉన్నట్టే, కాగితం మీద రాసుకోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండోసారి నొక్కారు, ఎక్కడ ఫోన్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు, అంతే చాలు. ముగ్గురితో చేయించండి, అందులో ఒకరు కళ్లద్దాలు పెట్టుకునే వయసువాళ్లు అయితే మంచిది. ముగ్గురూ తడబడ్డ చోటే మీ మొదటి రిపేరు.

ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం నా సొంత పేజీలో ఒక పాపప్ పెట్టించుకున్నాను, చందాదారులు పెరుగుతారని. ఎంత పొంగిపోయానో! ఒకరోజు మా పిన్ని "నీ పేజీ తెరిస్తే ఏదో అడ్డం వస్తుందిరా, పోదు, అందుకే చూడటం మానేశాను" అంది. ఆవిడ ఫోన్ తీసుకుని చూస్తే, పాపప్‌ని మూసే ఇంటూ గుర్తు తెర దాటి పైకి పోయింది. ఆవిడ ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది చేసి పెట్టుకుంది, దాంతో పాపప్ కూడా పొడవు పెరిగింది. నెలల తరబడి ఎంతమంది అలా వెనక్కి పోయారో. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎవరు చేస్తారు? మూసేసి ఇంకో సైటుకి పోతారు. మీకు ఇద్దరు ముగ్గురు నోరు తెరిచి చెప్పారంటే అదృష్టమే.

ఇక మరమ్మతులకి వద్దాం. మొదట నంబర్. దాన్ని బొమ్మలోంచి బయటికి తీయించి, మామూలు అక్షరాలుగా, నొక్కితే నేరుగా డయల్‌కి వెళ్లే లింకుగా పెట్టించాలి. సైటు చేసినతనికి 'టెల్ లింకు పెట్టు' అంటే చాలు, ఐదు నిమిషాల పని. దేశం కోడ్‌తో సహా పెట్టమనండి. పేజీ కింది అంచున ఎప్పుడూ కనబడేలా ఒక 'కాల్ చేయండి' బటన్ ఉంటే ఇంకా మంచిది, బొటనవేలికి అందే చోటు అదే. కానీ ఆ చోట ఇప్పటికే మీ చాట్ బుడగ, కుకీల నోటీసు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మీరు చాట్‌లో నిజంగా జవాబులిస్తున్నారా? లేకపోతే ఆ బుడగను తీయించేయండి. చిన్న తెర మీద ప్రతి అంగుళానికీ ఎవరో ఒకరు అద్దె కట్టాలి.

బటన్ల సైజు గురించి ఒక మాట. యాపిల్ తన డిజైనర్లకి 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ ఉండాలని చెబుతాయి, రెండూ తెర మీది కొలతలే. 48 డీపీ అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, వేలి కొస ఆనేంత. మీ మెనూలో ఒక లింకుకీ ఇంకో లింకుకీ మధ్య బియ్యపు గింజంత ఎడం కూడా లేదు.

ఫారం మీద కాస్త ఎక్కువ ఓపిక పెట్టాలి, ఎందుకంటే మనిషి అక్కడిదాకా వచ్చాడంటే పని ఇవ్వడానికి సిద్ధపడే వచ్చాడు. మొదట గడులు తగ్గించండి. మీ ఫారంలో తొమ్మిది ఉన్నాయి. పేరు, నంబర్, ఏం విరిగింది, ఈ మూడుంటే మిగతావి మీరు ఫోన్‌లో అడగలేరా? పిన్ కోడ్ తప్పనిసరి అని ఎందుకు పెట్టారో మీకైనా గుర్తుందా? బహుశా టెంప్లేట్‌లో, అంటే సైటుకి వాడిన రెడీమేడ్ నమూనాలో, ఉంది కాబట్టి ఉండిపోయింది.

గడిని నొక్కగానే పేజీ ఉబకడానికి కారణం చిన్నదే. గడిలో అక్షరాల సైజు 16 పిక్సెల్‌ల కన్నా తక్కువ ఉంటే ఐఫోన్‌లో సఫారీ 'పాపం కనబడదేమో' అని తనంతట తానే జూమ్ చేస్తుంది. సైజు 16 చేస్తే ఆగిపోతుంది. కొందరు దీనికి విరుగుడుగా పేజీలో జూమే పనిచేయకుండా కట్టేస్తారు. అది మాత్రం ఒప్పుకోకండి, చూపు తగ్గినవాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదువుకునే దారిని మూసేసినట్టవుతుంది. నంబర్ గడికి అంకెల కీబోర్డ్, ఈమెయిల్ గడికి దాని కీబోర్డ్ వచ్చేలా చేయడం ఒక్కో మాట రాసే పని. ఫోన్‌లో దాచిన పేరు, నంబర్ తానుగా వచ్చి కూర్చునేలా ఆటోకంప్లీట్ కూడా పెట్టించండి. తప్పు ఉంటే ఆ మాట తప్పున్న గడి కిందే రావాలి, పేజీ దానంతట అదే అక్కడికి జరగాలి. పంపగానే 'అందింది, ఫలానా సమయంలోగా ఫోన్ చేస్తాం' అని తెర మీద స్పష్టంగా కనబడాలి.

ఒక్క గడి మాత్రం కొత్తగా చేర్చండి: ఫొటో. మీలాంటి పనికి ఫోనే కంప్యూటర్ కన్నా గొప్ప సాధనం. విరిగిన కాలు పక్కనే ఉంటుంది, కెమెరా చేతిలోనే ఉంటుంది. 'ఫొటో జతచేయండి' నొక్కితే కెమెరా తెరుచుకుని, తీసి పంపేస్తారు. పేరా రాయనక్కర్లేదు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, ముందే చెబుతున్నాను. చాలా సైట్లు నడిచే పీహెచ్‌పీలో ఫైలు అప్‌లోడ్ పరిమితి ఎవరూ మార్చకపోతే 2 ఎంబీ. ఇప్పటి ఫోన్లు తీసే ఫొటోలు తేలిగ్గా అంతకు మించిపోతాయి. మళ్లీ 'ఫారం పోలేదు' కథే. పరిమితి పెంచమనండి, లేదా పంపేముందు ఫొటోను బ్రౌజర్లోనే చిన్నది చేయమనండి. మీరు స్వయంగా, అప్పటికప్పుడు తీసిన ఫొటోతో పంపి చూసేవరకు అతను 'అయిపోయింది' అంటే నమ్మకండి.

ఇక ఆ ఊడిపడే ఫొటో. అది అంత ఆలస్యంగా రావడానికి మూలం దాని బరువే. తెల్ల తెర సంగతి వేరు, అదెందుకో సైటు చేసినతన్నే చూడమనండి. పైన ఉన్న మీ పెద్ద ఫొటో కెమెరాలోంచి తీసింది తీసినట్టు పెట్టేశారు, 4000 పిక్సెల్‌ల వెడల్పు, ఎంబీల కొద్దీ బరువు. ఫోన్ తెర ఎంత చిక్కనిదైనా 1200 పిక్సెల్‌ల వెడల్పు ఉంటే దానికి సరిపోతుంది. అదే ఫొటోను ఆ వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలో దాచితే వంద, రెండు వందల కేబీల్లోకి వస్తుంది, తేడా కంటికి కనబడదు. ఇది మీరే చేసుకోవచ్చు. స్క్వూష్ అని బ్రౌజర్లోనే పనిచేసే ఉచిత టూలుంది, ఎడమ పక్క పాత ఫొటో, కుడి పక్క కొత్తది చూపిస్తూ సైజు ఎంత తగ్గిందో చెబుతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే సైటులోని ఫొటోలన్నీ అయిపోతాయి. సైటు చేసినతను చేయాల్సింది రెండు. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయడం ఒకటి. అప్పుడు ఫొటో ఆలస్యంగా వచ్చినా దాని చోటు ముందే ఖాళీగా ఉంటుంది, లింకును తోసేయదు. కింద ఎక్కడో ఉన్న ఫొటోలు అక్కడికి వెళ్లినప్పుడే లోడ్ అయ్యేలా చేయడం రెండోది. పైన మొదట కనబడే ఫొటోకి మాత్రం ఈ లేజీ లోడింగ్ పెట్టకూడదు, పెడితే రావాల్సిందే ఆలస్యంగా వస్తుంది. పైన ఒకదాని తర్వాత ఒకటి తిరిగే ఐదు ఫొటోల స్లైడర్ ఉంది కదా, నా మాట వింటే నాలుగు తీసేయండి. రెండో ఫొటో దాకా ఆగి చూసే ఓపిక ఫోన్ పట్టుకున్న మనిషికి ఉండదు.

మౌస్‌కి పనిచేసి వేలికి పనిచేయనివి కూడా కొన్నున్నాయి. 'మా పనితనం' పేజీలో ఫొటో మీదికి మౌస్ తెస్తే వివరం తేలి వస్తుంది. ఫోన్‌కి మౌస్ లేదు. ఆ వివరాలన్నీ ఫోన్‌వాళ్లకి లేనట్టే లెక్క. వాటిని ఫొటో కిందే మామూలుగా రాయించండి. ధరల పట్టీ పీడీఎఫ్‌లో పెట్టారు, ఫోన్‌లో అది దిగడానికి ఓసారి, పక్కకి జరుపుకుంటూ చదవడానికి ఇంకోసారి చిరాకు. అదీ పేజీలోకే రావాలి. లేత బూడిద రంగు అక్షరాలు గదిలో అందంగా ఉంటాయి, ఎండలో నిలబడి చూస్తే తెల్ల కాగితమే.

తెలుగు పేజీ విడిగా చూడండి. టెంప్లేట్లు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుని బట్టి తయారవుతాయి. మనకేమో పైన గుడులు, కింద వత్తులు. మీ 'సంప్రదించండి' బటన్‌లో 'ప్ర' కింద రావత్తు సగం తెగిపోయింది. వరుసల మధ్య ఎడం కనీసం అక్షరం సైజుకి 1.6 రెట్లు పెట్టించండి, బటన్ల ఎత్తును అంకెతో బిగించకుండా లోపలి అక్షరాలను బట్టి పెరిగేలా ఉంచమనండి. ఇంకోటి, మన మాటలు పొడుగు. శీర్షికలో 'పునరుద్ధరించబడుతుంది' లాంటి మాట పెద్ద అక్షరాల్లో పెడితే తెర దాటిపోయి, పేజీ మొత్తం పక్కకి ఊగడం మొదలుపెడుతుంది. కోడ్‌తో సర్దొచ్చు గానీ, 'బాగుచేస్తాం' అని రాస్తే అసలు గొడవే లేదు, చదివేవాళ్లకీ హాయి.

టూలు వద్దన్నాను కదా, మొదట వద్దన్నాను. మరమ్మతులయ్యాక వాడండి. గూగుల్ మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్ వాడమని ఎవరైనా చెబితే అది పాత మాట, 2023 డిసెంబర్‌లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు వాడాల్సింది పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్. మీ సైటు చిరునామా ఇస్తే మొబైల్‌కీ డెస్క్‌టాప్‌కీ విడివిడిగా ఫలితం ఇస్తుంది. మీరు మొబైల్ దాన్నే చూడండి. పైభాగంలో గత 28 రోజుల్లో నిజంగా వచ్చిన మనుషుల అనుభవం ఉంటుంది. చిన్న సైట్లకి అక్కడ తగినంత సమాచారం లేదని రావడం మామూలే, కంగారు పడకండి. కింద ఉండేది ఒక మామూలు ఫోన్, నిదానపు నెట్ ఉన్నట్టు ఊహించుకుని అప్పటికప్పుడు చేసే పరీక్ష. మూడు కొలతలు మాత్రం గుర్తుపెట్టుకోండి. తెర మీద అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలోపు రావాలి, అది ఎల్‌సీపీ. నొక్కిన తర్వాత 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందించాలి, అది ఐఎన్‌పీ. ఇది నిజంగా మనుషులు వాడితేనే తెలిసే కొలత, కాబట్టి పైభాగంలోనే ఉంటుంది. పేజీ ఎగిరి దూకే కొలత సీఎల్‌ఎస్ 0.1 దాటకూడదు. నా వేలు తప్పు లింకు మీద పడిందే, ఆ మూడోది దాని లెక్కే. మిగతా రంగుల స్కోరు వంద చేయాలని పంతం పట్టి డబ్బు తగలేయకండి. స్కోరు వంద ఉండి ఫారం పోని సైట్లు నేను చూశాను.

మీ లెక్కల గురించి చిన్న హెచ్చరిక. ఫోన్ నుంచి ఎంక్వైరీలు తక్కువ కావడానికి అంతా సైటు తప్పే కాకపోవచ్చు. కొందరు ఫోన్‌లో చూసి ఉంచుకుని, తర్వాత తీరిగ్గా కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తారు. పైగా 'కాల్ చేయండి' బటన్ వచ్చాక ఫారంలు ఇంకా తగ్గవచ్చు, అందరూ నేరుగా ఫోనే చేస్తారు కాబట్టి. అందుకే ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కారో కూడా లెక్కలోకి వచ్చేలా పెట్టించండి. లేకపోతే బాగుపడ్డ సైటును చూసి పాడైందనుకుని టెన్షన్ పడతారు.

చివరగా సైటు చేసినతనితో మాట. 'నీ సైటు బాగాలేదు' అంటే అతను 'నా ఫోన్‌లో బాగానే ఉంది' దగ్గరే నిలబడతాడు. వాదించకండి. మీరు కూర్చోబెట్టిన ముగ్గురిలో ఒకరి ఫోన్ తెరను, వాళ్లు ఒప్పుకుంటే, రికార్డ్ చేసి ఆ వీడియో పంపండి. దానితో పాటు ఇలా రాయొచ్చు: "నంబర్ బొమ్మలో ఉంది, నొక్కితే కాల్ వెళ్లే లింకుగా పైనా కిందా కావాలి. ఫారంలో మూడు గడులు, ఒక ఫొటో చాలు. పిన్ కోడ్ తీసేయాలి. తప్పుంటే ఆ గడి కిందే చూపాలి. గడుల్లో అక్షరాలు 16 పిక్సెల్‌లు. పై ఫొటో చిన్నది చేసి పంపుతున్నాను, స్లైడర్ తీసి ఇదొక్కటే పెట్టు, వెడల్పు ఎత్తు రాయి. చాట్ బుడగ వద్దు. ఇవి అయ్యాక మిగతావి మాట్లాడుకుందాం." ఇలా పని పేరు పెట్టి అడిగితే ఎన్ని గంటలు పడుతుందో అతనూ చెప్పగలడు, అయిందో లేదో మీరూ చూసుకోగలరు. ఇంత చెప్పినా 'మొత్తం కొత్తగా చేయాలి' అంటే అప్పుడు ఇంకొకరిని అడగండి.

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో మీ సైటు లింకు పెట్టి ఉంటే అక్కడి నుంచి కూడా ఒకసారి తెరిచి చూడండి. అవి తమ లోపలి బ్రౌజర్లోనే తెరుస్తాయి, అక్కడ ఫొటో జతచేయడం లాంటివి ఒక్కోసారి మొండికేస్తాయి. ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచి కూడా ఓసారి చూడండి, మా పిన్ని లాంటివాళ్ల కోసం. అతను 'అయిపోయిందండీ' అన్న రోజు వైఫై ఆపేసి, విరిగిన కుర్చీ ఏదైనా ఉంటే దాని ముందే నిలబడి, కొత్త ఫారంలో మొదటి ఎంక్వైరీ మీరే పంపండి. అది మీ మెయిల్‌కి ఫొటోతో సహా వచ్చిందో లేదో చూసి నాకూ ఒక ముక్క రాయండి.